కూరగాయలోని నీరు: రోము వంటింట్లో ఒక ఏడాది ప్రాజెక్టు డైరీ

నవంబరు 5

రోము నగరంలో, తెస్తాచ్చో మార్కెట్టుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో మేము కాపురం పెట్టి ఏడాది దాటింది. ఈ ఏడాది పొడుగునా వంట విషయంలో నేను చేసిన పొరపాటు ఒక్కటే: ముందుగా వంటకం నిర్ణయించుకొని, ఆ తరువాత దానికి కావలసిన కూరగాయ కోసం బజారులో వెతకడం. పోయిన వారం వంకాయలు అడిగితే, నాకు రోజూ కూరగాయలు ఇచ్చే పెద్దాయన బుట్ట వైపు చెయ్యి కూడా చాపలేదు. "ఉన్నాయి సిగ్నోరా, కానీ వాటి కాలం అయిపోయింది. తోలు మందం, గింజ ముదురు. ఈ వారం చికోరియా పట్టుకెళ్ళండి" అన్నారు. తన సరుకు తానే వద్దని చెప్పే అమ్మకందారు మాట వినకుండా ఇన్నాళ్ళు ఎందుకు గడిపానా అని ఆ రోజు ఇంటికి వస్తూ ఆలోచించాను. ఈ డైరీ అక్కడే మొదలయింది.

నాకు నేను పెట్టుకున్న నియమాలు ఇవి. ఆ వారంలో ఆరుబయట పొలంలో కాసిన కూరగాయనే కొనాలి. ఇక్కడ తాజా కూరగాయల మీద అవి పండిన దేశం పేరు రాయడం తప్పనిసరి. చాలామంది అమ్మకందార్లు ప్రాంతం పేరు కూడా సుద్దతో రాస్తారు, తమ చుట్టుపక్కల పండిన దానిని 'నొస్త్రానో', అంటే 'మనది', అని ప్రత్యేకంగా సూచిస్తారు. కాబట్టి ఇది కష్టమైన నియమమేమీ కాదు. ఒక్కొక్క కూరగాయను కనీసం మూడుసార్లు వండాలి, ప్రతిసారీ తూకం, సమయం, ఫలితం రాసుకోవాలి. వీలైనప్పుడల్లా ఆ కూరగాయకు పేరున్న ఊరికి వెళ్ళి, అక్కడివాళ్ళు దానిని ఎలా వండుతున్నారో చూడాలి.

మొదటి కూర చికోరియా. చూడటానికి పొడవైన పాలకూరలా ఉండి, నోట పెడితే గట్టి చేదు తగిలే ఆకు. రోమువాళ్ళు దీనిని ఉప్పు వేసిన మరుగునీళ్ళలో మెత్తగా ఉడికించి, వార్చి, ఆ తరువాత ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిరప వేసి మళ్ళీ వేయిస్తారు. మన తోటకూర వేపుడుకు దగ్గరగా ఉందని ధీమాగా మొదలుపెట్టాను. కిలో ఆకు ఉడికించి, చిల్లుల గిన్నెలో వార్చి, నూనెలో వేసేసరికి మూకుడు నిండా పచ్చని నీరు ఊరింది, వెల్లుల్లి వేగడానికి బదులు ఉడికిపోయింది. మర్నాడు బజారులో గమనించాను: ఉడికించిన చికోరియాను నారింజపండంత ఉండలుగా పిండి, ఆ ఉండలనే అమ్ముతున్నారు. రెండోసారి నేనూ దోసిలిలో పట్టుకొని చుక్క రాలనంతవరకు పిండాను. ఆ ఉండను విడదీసి నూనెలో వేయగానే ఆకు వెల్లుల్లి వాసనను పీల్చుకుంది, నాలుగు నిమిషాలలో కూర తయారయింది. ఆకుకూర ఉడికిన నీటిని పారబోయడానికి మన ఇళ్ళలో మనసు ఒప్పదు. కానీ ఈ ఆకు విషయంలో చేదులో సగం ఆ నీళ్ళతోనే పోతుంది, మిగిలిన సగమే రుచి.

నవంబరు 26

పుంతరెల్లె. చికోరియా జాతిలోనే ఒక రకం మొక్క నడుమ, బయటి ఆకుల మధ్య దాగి, బోలుగా ఉండే లేత కాడలు గుత్తిగా వస్తాయి. రోములో చలికాలం వచ్చిందనడానికి ఇవే గుర్తు. కాడలను సన్నని పోగులుగా చీల్చి చల్లని నీళ్ళలో వేస్తే అవి గంటలో ఉంగరాలు తిరుగుతాయి. ఒక పక్క లేత భాగం నీరు పీల్చి ఉబ్బుతుంది, పైతోలు వైపు అంతగా ఉబ్బదు, అందువల్ల పోగు వంకర తిరుగుతుంది. అదే సమయంలో చేదు కొంత నీళ్ళలోకి దిగుతుంది. చీల్చడానికి ఇక్కడ చెక్క చట్రంలో సన్నని తీగలు గళ్ళుగా బిగించిన పరికరం ఉంది, కాడను పైన పెట్టి నొక్కితే కింద పోగులు రాలతాయి. మొదటిసారి కత్తితో చీల్చాను, ముప్పావు గంట పట్టింది, పోగులు హెచ్చుతగ్గులుగా వచ్చాయి. రెండోసారికి ఆ పరికరం కొన్నాను.

దీనికి కలిపేది వెల్లుల్లి, వెనిగర్, ఆలివ్ నూనె, ఉప్పులో ఊరిన నెత్తళ్ళు. నెత్తళ్ళను ఎండబెట్టి వంకాయతో వండుకునే కోస్తా ఇళ్ళలో పెరిగినదాన్ని కాబట్టి, ఈ చేపను వండకుండా రోట్లో వెల్లుల్లితో నూరి పచ్చి కూర మీద పోయడం మొదట వింతగా తోచింది. నూరిన ముద్ద తిన్నప్పుడు చేప అని తెలియదు. చేదుకు అడ్డంగా నిలబడే ఒక లోతైన ఉప్పదనం మాత్రం తెలుస్తుంది. మూడుసార్లు చేశాక నా లెక్క: 400 గ్రాముల పుంతరెల్లెకు 5 నెత్తళ్ళు, ఒక చిన్న వెల్లుల్లి రెబ్బ, చెంచాన్నర వెనిగర్. నీళ్ళలోంచి తీసిన పోగులను గుడ్డలో తడి ఆరేదాకా ఆడించకపోతే ముద్ద అంటుకోక గిన్నె అడుగుకు జారిపోతుంది.

ఇక్కడికి వచ్చేసరికి నా రాతల్లో ఒక విషయం పదేపదే కనిపిస్తోంది. రెండు కూరగాయలలోనూ నేను తప్పింది మసాలా దగ్గర కాదు, నీటి దగ్గర. ఎప్పుడు నీరు పట్టించాలి, ఎప్పుడు తీసేయాలి అన్నదే తెలియలేదు. ఇకపై ప్రతి వంటకంలో దీనినే ముఖ్యంగా గమనించదలచాను.

జనవరి 14, త్రెవీజో

ఈ గమనికకు ఇంతకంటే తగిన ఊరు లేదు. వెనిస్‌కు ఉత్తరంగా ఉన్న త్రెవీజో ప్రాంతంలో పండే, చికోరియా జాతికే చెందిన ఎర్ర ఆకుకూర రాదిక్కియోలో 'తర్దీవో' అనే ఆలస్యపు రకం పొలంలో పూర్తిగా తయారు కాదు. కనీసం రెండుసార్లు మంచు తగిలాక మొక్కలను వేరుతో సహా పీకి, కట్టలు కట్టి, చీకటి కొట్టంలో తొట్లలో నిలబెడతారు. భూమిలోంచి ఊరే ఊటనీరు ఆ వేళ్ళ చుట్టూ ఆగకుండా పారుతుంటుంది. బయట గడ్డకట్టే చలి ఉన్నా ఆ నీరు సుమారు 12 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, నిద్రపోతున్న మొక్క వసంతం వచ్చిందనుకొని నడుమ నుంచి కొత్త ఆకులు వేస్తుంది. వెలుతురు లేకపోవడం వల్ల ఆ ఆకులకు పచ్చదనం రాదు: ఈనె తెల్లగా, అంచు ద్రాక్షసారా రంగులో ఉండి, కొసలు లోపలికి ముడుచుకుంటాయి. 1996 నుంచి దీనికి ఐరోపా భౌగోళిక గుర్తింపు ఉంది.

నేను చూసిన కొట్టం ఒక రైతు కుటుంబానిది. తలుపు తీయగానే కుళ్ళిన ఆకుల వాసన గుప్పుమంది. పొలం నుంచి వచ్చిన బయటి ఆకులన్నీ నీళ్ళలో నల్లబడి జిగటగా వేలాడుతున్నాయి. ఒక నడివయసు ఆవిడ మొక్క ఒకటి తీసి, ఆ నల్లని పొరలన్నీ ఒక్క ఊపున ఒలిచి, వేరు చుట్టూ చాకు తిప్పి చెక్కారు. పిడికెడు చెత్తలోంచి పువ్వులాంటిది బయటపడింది. "చలి తగలకపోతే దీనికి తీపి రాదు, నీళ్ళు తగలకపోతే కరకర రాదు" అని, కడిగిన ఆకు ఒకటి నా చేతిలో పెట్టారు. మొదట చేదు, వెంటనే చెరకు పిప్పిలో మిగిలేపాటి తీపి. ఒలిచిన చెత్త గుట్ట మొక్కల గుట్టకంటే పెద్దదిగా ఉండటం చూశాక, బజారులో దీని ధర ఎక్కువని ఇక ఎన్నడూ అనుకోను.

అక్కడ దీనిని నిలువునా నాలుగు చీలికలు చేసి, నూనె, ఉప్పు రాసి ఇనుప పెనం మీద కాలుస్తారు. రోముకు తిరిగి వచ్చాక మొదటి ప్రయత్నంలో, చీల్చిన తరువాత కడిగాను. పొరల మధ్య నీరు చిక్కుకొని, పెనం మీద పొగకు బదులు ఆవిరి లేచి, ఎరుపంతా బూడిద రంగుకు తిరిగింది. రెండోసారి ముందే కడిగి, తలకిందులుగా గుడ్డ మీద గంటసేపు ఆరబెట్టి, ఆ తరువాత చీల్చాను. ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు అంచులు కాలి, ఈనె లోపల నీరు మాత్రం నిలిచింది. అదే కావలసింది.

ఫిబ్రవరి 9

ఫ్లోరెన్సులో రెండు రోజులు. రిబొల్లీతా అంటే 'మళ్ళీ మరిగించినది'. మంచు తగిలి మెత్తబడిన నల్ల క్యాబేజీ ఆకు, తెల్ల చిక్కుడుగింజలు, క్యారెట్, ఉల్లి కలిపి వండి, ఎండిన రొట్టె ముక్కలు వేసి, మర్నాడు మళ్ళీ వేడి చేసేది. ఫ్లోరెన్సు ఉన్న తస్కనీ ప్రాంతపు రొట్టెలో ఉప్పు ఉండదు, ఆరిపోతే రాయిలా అవుతుంది కానీ బూజు పట్టేలోపు ఇలా వాడుకోవచ్చు. గింజలు ఉడికిన నీరే దీనికి ప్రాణం, ఒక్క చుక్క పారబోయరు. ఇంట్లో చేసినప్పుడు రోము రొట్టె వాడటం వల్ల ఉప్పెక్కింది. అంతకు మించి రాయవలసింది లేదు, మొదటిసారికే కుదిరింది.

మార్చి 24

ఆర్టిచోక్‌కు మూడు వారాలు పట్టింది. ఇక్కడి రోమనెస్కో రకం గుండ్రంగా, ముళ్ళు లేకుండా, పిడికిలికంటే పెద్దదిగా ఉంటుంది. మొక్క నడినెత్తిన కాసే మొదటి మొగ్గను 'చిమరోలో' అంటారు, అది అన్నింటికంటే పెద్దది, మెత్తనిది. ఇది నిజానికి విచ్చుకోని పువ్వు. ఆ సంగతి పుస్తకాలలో చదివి కూడా, దానిని కాయలాగే చూసి బయటి రేకలు నాలుగైదు మాత్రం తీసి వండాను. నలభై నిమిషాలు ఉడికినా బయటి వరుసలు నమిలితే పీచు తప్ప ఏమీ లేదు, కోసిన చోటల్లా ఇనుము తుప్పులా నల్లబడింది.

మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ మెట్ల మీద కనిపిస్తే అడిగాను. మరునాడు పొద్దున్నే ఆరు మొగ్గలు, రెండు నిమ్మకాయలు, వంకర మొన ఉన్న చిన్న చాకు పట్టుకొని ఆవిడే వచ్చారు. "నీకు పారేయాలంటే భయం. మొగ్గ తెల్లబడేదాకా ఒలువు, అప్పుడు ఆగు" అన్నారు. ఆవిడ రేకలను కింది నుంచి వెనక్కి వంచి విరిచేస్తుంటే, పచ్చనివి పోయి లేత పసుపు వన్నెవి వచ్చేదాకా బల్ల మీద కుప్ప పడింది. ఆ పైన కొస మూడోవంతు కోసి, కాడ తోలు చెక్కి, నిమ్మరసం పిండిన నీళ్ళలో వేశారు. అప్పుడు నాకు మా అమ్మ అరటిపువ్వు ఒలవడం కళ్ళకు కట్టింది. చేతికి నూనె రాసుకొని, ఎర్రని డొప్పలు ఒక్కొక్కటే తీస్తూ, లోపలి లేత మొగ్గ కనిపించగానే ఆపి, నల్లబడకుండా మజ్జిగ కలిపిన నీళ్ళలో వేసేది. గాలి తగిలి నల్లబడే గుణం రెంటిలోనూ ఉంది, రెంటికీ విరుగుడు పులుపే. ఇంత తెలిసిన పనిని తెలియని పనిగా భయపడ్డాను.

తరువాతి భాగం పూర్తిగా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. వెల్లుల్లి, పార్స్లీ, మెంతుచ్చా అనే చిన్న ఆకుల అడవి పుదీనా కలిపి తరిగి, ఉప్పుతో మొగ్గ నడుమ కూరాలి. మొగ్గలు ఒకదానికొకటి ఆనుకొని కదలకుండా నిలబడేంత ఇరుకైన గిన్నె తీసుకొని, కాడలు పైకి ఉండేలా బోర్లించాలి. అర గ్లాసు ఆలివ్ నూనె, ఒక గ్లాసు నీళ్ళు పోసి, తడిపిన దళసరి కాగితం గిన్నె మీద పరిచి, దాని మీద మూత బిగించి సన్నని సెగ మీద వదిలేయాలి. ఎంతసేపు అని అడిగితే ఆవిడ గడియారం చూడలేదు. "విను" అన్నారు. మొదట గిన్నెలో బుడబుడ వినిపించింది. ముప్పై అయిదు నిమిషాల తరువాత ఆ చప్పుడు సన్నబడి, చిటపటగా మారింది. నీరు ఇంకిపోయి నూనె మాత్రమే మిగిలిందని దాని అర్థం. గుత్తివంకాయ నూనె తేలేదాకా మగ్గించే ఇంటిలో పుట్టినవాళ్ళకు ఆ చప్పుడు పరాయిది కాదు. నేనే మూత తీశాను. కాడలో పుల్ల గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగింది.

ఏప్రిల్ 14

రైలెక్కి లదిస్పోలి వెళ్ళాము. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊరిలో 1950 నుంచి ఆర్టిచోక్ పండుగ జరుగుతోంది. బజారు వీధుల్లో మొగ్గలతో గోపురాలు పేర్చారు, నిప్పుల మీద కాల్చినవి రెండు తిన్నాము.

యూదుల పద్ధతి కూడా ఈ నెలలోనే చేశాను. 1555లో పోపు నాలుగవ పాల్ ఆజ్ఞతో రోము యూదులను తీబెర్ నది ఒడ్డున గోడల మధ్య నివసించమన్నారు, మూడు శతాబ్దాలకు పైగా వాళ్ళు అక్కడ ఇరుకుగా బతికారు. ఆ వీధుల వంటల్లో ఇది పేరు మోసినది: ఒలిచిన మొగ్గను ఒకసారి మధ్యరకం వేడి నూనెలో మెత్తబడేదాకా వేయించి, తీసి, రేకలు విప్పి, బాగా కాగిన నూనెలో మళ్ళీ వేస్తారు, చామంతిలా విచ్చుకుంటుంది. రెండోసారి నూనెలో వేసేముందు తడిచేత్తో నీళ్ళు చిలకరించే అలవాటు ఉంది, రేకలు గలగలలాడేది దానివల్లనే. నూనె చింది ముంజేయి కాలింది. మూత అడ్డం పట్టుకొని చేయాలని రాసి పెట్టుకుంటున్నాను.

మే 1

ఈ రోజు రోమువాళ్ళు తోటలకు వెళ్ళి పచ్చి ఫావా అనే పెద్ద చిక్కుడు గింజలు ఒలుచుకొని గొర్రెపాల పెకొరీనో జున్నుతో తింటారు. మేమూ తిన్నాము. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు ఈ గింజలు ప్రమాదకరం. మన దేశంలోనూ ఆ లోపం ఉన్న కుటుంబాలు ఉన్నాయి కాబట్టి, అతిథులకు పెట్టేముందు అడగడం మంచిది.

సాయంత్రం విన్యరోలా. చివరి ఆర్టిచోక్‌లు, మొదటి బఠానీ, ఫావా, ఉల్లికాడ, పొడుగు లెట్యూస్ ఆకు, ఇవన్నీ కలిసి బజారులో ఉండేది ఏడాదిలో నాలుగైదు వారాలే. చెంచాడు నీళ్ళు కూడా పోయకుండా, లెట్యూస్ విడిచే నీటిలోనే మిగిలినవి మగ్గాలి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇంటిల్లిపాదీ గిన్నె తుడిచి తిన్నారు.

జులై 7

గుమ్మడి జాతికే చెందిన చారల సొర్కాయలాంటి జుకీనీ, కొసన పువ్వుతో సహా వస్తోంది. సన్నని కాడ ఉన్న మగపువ్వులను విడిగా కట్టలు కట్టి అమ్ముతారు, మోజరెల్లా జున్ను, నెత్తలి ముక్క కూరి పిండిలో ముంచి వేయించేవి అవే. పొద్దున్నే కొనాలి, ఎండెక్కితే రేకలు అంటుకుపోతాయి. మోజరెల్లాను ముందురోజే కోసి జల్లెడలో ఉంచి నీరు కారనివ్వాలి.

ఆగస్టు 12

మూడో అంతస్తు పెద్దావిడ పుట్టింటి ఊరికి, వాళ్ళింట్లో టమాటా రసం సీసాలు పట్టే రోజున నన్నూ పిలిచారు. ఆగస్టు 15 పండుగకు అటూ ఇటూ ఇటలీలో ఎన్నో కుటుంబాలు ఈ పని పెట్టుకుంటాయి. ఆవకాయ రోజున మన ఇళ్ళలో జరిగే సందడి అక్కడ పెరట్లో జరిగింది: తెల్లవారుజామునే లేవడం, పిల్లలకు సీసాలు తుడిచే పని, ఉప్పు ఎంత అన్న దగ్గర పెద్దవాళ్ళ వాదన. నా వంతు 20 కిలోల సాన్ మర్జానో రకం టమాటాలు. పొడవుగా, గుజ్జు మందంగా, గింజ తక్కువగా ఉంటాయి కాబట్టి నీరు తక్కువ.

కడిగి, చీల్చి, పెద్ద కళాయిలో పది నిమిషాలు మెత్తబెట్టి, చిల్లుల బుట్టలో వడేశారు. ఎర్రని గుజ్జు పైన నిలిచి, కింద బంగారు రంగు నీరు బకెట్టు నిండింది. గుజ్జును చేతిమరలో తిప్పితే తోలు, గింజ ఒకవైపు, రసం ఒకవైపు. ఒక్కొక్క సీసాలో ఒక బేసిల్ ఆకు వేసి రసం నింపి, మూతలు బిగించి, పీపాలో పాత గుడ్డల మధ్య పేర్చి, సీసాలు మునిగేలా నీళ్ళు పోసి మరిగించారు. మరిగాక నలభై నిమిషాలు ఉంచి, మంట ఆర్పి, ఆ నీళ్ళలోనే మర్నాటిదాకా చల్లారనిచ్చారు. నా లెక్కకు అర లీటరు సీసాలు 26 వచ్చాయి. రెండింటి మూత నడిభాగం లోపలికి పీల్చుకోలేదు, అవి వెంటనే వాడేశాము.

ఆ బకెట్టులోని నీటిని పారబోయబోతుంటే నేను అడ్డుపడ్డాను. రెండు లీటర్లు తీసుకొని, చితక్కొట్టిన వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర వేసి మరిగించి, నా సంచీలో ఉన్న ఆవాలు, ఎండుమిరపతో పోపు పెట్టాను. కరివేపాకు లేదు. పెరట్లో పని చేసిన పదకొండు మందీ గ్లాసులలో చారు తాగారు. పెద్దావిడ రెండోసారి గ్లాసు చాపి, "ఇన్నేళ్ళు దీన్ని మొక్కలకు పోశాము" అన్నారు. ఏడాదిలో మొదటిసారి నేను వాళ్ళకు ఒకటి ఇచ్చాను.

సెప్టెంబరు 22

సిసిలీ దీవిలోని పలెర్మో నుంచి వచ్చి వారమయింది. అక్కడి బల్లరో బజారులో వంకాయలు గుట్టలుగా ఉన్నాయి. మన దేశం నుంచి పారశీకం మీదుగా అరబ్బుల చేతికి చేరి, వాళ్ళ ద్వారా మధ్యధరా తీరాలకు వచ్చిన కాయ ఇది. ఇటలీవాళ్ళు దీని అరబ్బు పేరును 'మెలన్జానా' అని పలికి, అందులో 'పిచ్చి ఆపిలుపండు' అనే అర్థం వెతుక్కున్నారు. కపొనాతాలో వంకాయ ముక్కలను వేయించి, సెలెరీ, ఉల్లి, టమాటా, ఆలివ్ కాయలు, ఉప్పులో ఊరిన కేపర్ మొగ్గలు కలిపి, చివర వెనిగర్, పంచదార పోస్తారు. చింతపండు, బెల్లం వేసిన పులుసుకూర తినేవాళ్ళకు ఆ తీపిపులుపు మొదటి ముద్దకే పరిచయమవుతుంది.

ఇంట్లో మొదటిసారి ముక్కలను నేరుగా నూనెలో వేస్తే గ్లాసుడు నూనె తాగాయి. రెండోసారి ఉప్పు చల్లి గంటసేపు బరువు కింద ఉంచాను. గోధుమరంగు నీరు పావు గిన్నె దిగింది, నూనె సగానికి తగ్గింది. అయితే కడగడం మరిచిపోవడంతో కేపర్ల ఉప్పు, ఈ ఉప్పు కలిసి తినలేకపోయాము. మూడోసారి కడిగి, పిండి, గుడ్డతో ఒత్తి వేయించాను. టమాటాకు ఆగస్టు సీసా ఒకటి విప్పాను. వెనిగర్ పోశాక ఘాటు దిగేదాకా మూత తీసి ఉంచాలని పలెర్మోలో ఒక వంటమనిషి చెప్పిన మాట పాటించాను. వేడిగా తింటే పులుపు, తీపి విడివిడిగా తెలిశాయి. రెండో రోజు చల్లగా తిన్నప్పుడు రెండూ ఒకటయ్యాయి.

ఒక గిన్నెడు మూడో అంతస్తుకు పంపాను. గిన్నె తిరిగి వచ్చినప్పుడు అందులో మెంతుచ్చా మొక్క ఒకటి, తడిమట్టితో సహా ఉంది. వంటింటి కిటికీలో నాటాను. సీసాలు ఇంకా 19 ఉన్నాయి.